పాపమంతా హూవర్‌దేనా?

సామ్ పొలార్డ్ తీసిన ‘ఎంఎల్‌కే/ఎఫ్‌బీఐ’ డాక్యుమెంటరీ 2020 సెప్టెంబరులో టొరంటో చిత్రోత్సవంలో మొదటిసారి ప్రదర్శితమైంది. మరుసటి ఏడాది జనవరిలో అమెరికాలో విడుదలైంది. పౌరహక్కుల నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్ జూనియర్ మీద అక్కడి ప్రభుత్వ దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ ఏళ్ల తరబడి సాగించిన నిఘాయే ఇందులో విషయం. చూసినవాళ్లలో చాలామంది ఒకటే మాట అన్నారు: జె. ఎడ్గార్ హూవర్ ఎంత దుర్మార్గుడు! ఈ కథ జనం నోట అలాగే స్థిరపడిపోయింది. నల్లవాళ్లంటే కంటగింపు, కమ్యూనిజం అంటే జడుపు, పరుల పడకగదుల మీద వల్లమాలిన ఆసక్తి ఉన్న ఈ ఎఫ్‌బీఐ అధిపతి తన చేతిలోని సంస్థను సొంత కక్ష తీర్చుకోవడానికి వాడుకున్నాడు. అధ్యక్షులు సైతం అతడికి దడిశారు. 1972లో అతడు పోయాడు, పీడ విరగడైంది.

వినడానికి ఈ కథ హాయిగా ఉంటుంది. దోషి ఒక్కడే, వాడు కూడా చచ్చిపోయాడు. ఇంక మిగిలినవాళ్లంతా శుభ్రంగా చేతులు దులుపుకోవచ్చు. చిక్కేమిటంటే, డాక్యుమెంటరీలో కనిపించే కాగితాలే ఈ కథను ఒప్పుకోవు. హూవర్ మంచివాడని ఎవరూ అనడం లేదు. అతడు ఎంత చెడ్డవాడో చెప్పడానికి ఎంత బురద పూసినా తక్కువే. అయితే కింగ్ ఇంట్లో ఫోన్ వినడానికి హూవర్ ఒక్కడి ద్వేషం చాలలేదు. దానికి ఒక అటార్నీ జనరల్ సంతకం కావలసి వచ్చింది. ఒక అధ్యక్షుడి ఆసక్తి, పత్రికా సంపాదకుల మౌనం, వందలాది ఉద్యోగుల విధేయత, సగం దేశం ఆమోదం కావలసి వచ్చాయి. తిలాపాపం తలా పిడికెడు.

ముందు ఆ సంతకం సంగతి. ఎఫ్‌బీఐ డైరెక్టర్‌గా ఉన్నప్పుడు జేమ్స్ కోమీ తన ఆఫీసు బల్ల మీద అద్దం కింద ఒక కాగితం పెట్టుకున్నాడు. అది 1963 అక్టోబరులో హూవర్ పంపిన విజ్ఞప్తి. కింగ్ ఫోన్లు ట్యాప్ చేయడానికి అనుమతి ఇమ్మని అందులో ఉంది. మొత్తం ఒకే పేజీ, ఐదే వాక్యాలు. అందులో ఆధారమంటూ ఏమీ లేదని, జాతి సమస్యలో కమ్యూనిస్టుల ప్రభావం ఉందన్న ఒట్టి మాట తప్ప సరుకు లేదని కోమీయే 2015లో జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయంలో చెప్పాడు. సంస్థ చేసిన తప్పు గుర్తుండాలని పెట్టుకున్నానన్నాడు. సంగతి బాగానే ఉంది. కానీ ఆ కాగితం మీద ఆమోదం తెలుపుతూ ఉన్నది హూవర్ సంతకం కాదు. అప్పటి అటార్నీ జనరల్ రాబర్ట్ కెనెడీది. ఉదారవాదులు ఇప్పటికీ ఇళ్లలో ఫొటో కట్టించి పెట్టుకునే కెనెడీ.

ఆయన తెలియక పెట్టిన సంతకం కూడా కాదది. 1962 మార్చిలో కింగ్ సలహాదారు స్టాన్లీ లెవిసన్ ఆఫీసు ఫోన్ ట్యాప్ చేయడానికి ఆయనే ఒప్పుకున్నాడు. 1963 జులైలో కింగ్ న్యాయవాది క్లారెన్స్ జోన్స్ వంతు వచ్చింది. అదే నెలలో కింగ్ ఫోన్ ప్రస్తావన వస్తే వెనక్కి తగ్గాడు. మూడు నెలలు తిరిగాక సంతకం చేశాడు. అప్పటికి పౌరహక్కుల బిల్లు కాంగ్రెస్‌లో ఉంది. కింగ్ వెనుక కమ్యూనిస్టులున్నారని దక్షిణాది నాయకులు గోల చేస్తున్నారు. రేపేదైనా బయటపడితే అన్న జాన్ కెనెడీ ప్రభుత్వం ఇరుకున పడకూడదు. హూవర్‌ని కాదంటే అధ్యక్షుడి సొంత గుట్టు అతడి సొరుగులో ఉంది. లెక్కలన్నీ వేసుకుని, ముప్పై రోజుల్లో మళ్లీ చూద్దామన్న షరతుతో ఒప్పుకున్నాడు. ఆ ముప్పై రోజులు అట్లాంటాలోని కింగ్ ఇంట్లో 1965 ఏప్రిల్ దాకా, ఆయన సంస్థ ఎస్‌సీఎల్‌సీ ఆఫీసులో 1966 జూన్ దాకా సాగాయి.

అంతకుముందు 1963 జూన్‌లో అధ్యక్షుడు జాన్ కెనెడీ కింగ్‌ని వైట్‌హౌస్ తోటలోకి తీసుకెళ్లి, కమ్యూనిస్టులన్న అనుమానం ఉన్న లెవిసన్‌ని, ఎస్‌సీఎల్‌సీ సహచరుడు జాక్ ఓడెల్‌ని దూరం పెట్టమని చెప్పాడు. నీ మీద నిఘా ఉంది, జాగ్రత్త అని కూడా హెచ్చరించాడు. అధ్యక్షుడు తన భవనంలో మాట్లాడకుండా తోటలోకెందుకు తీసుకెళ్లాడు, ఆయన ఫోన్లు కూడా వింటున్నారా అని కింగ్ తర్వాత తన వాళ్లతో చమత్కరించాడట. ఈ ఘట్టం చూపించి, చూశారా, అధ్యక్షుడికే హూవర్ అంటే హడలు అనేవాళ్లున్నారు. హడలే కావచ్చు. కానీ ఆ హడలుకి పరిష్కారంగా దేశాధ్యక్షుడు ఎంచుకున్నది గూఢచారిని ఆపడం కాదు, బాధితుణ్ణి సర్దుకోమనడం. దాన్ని నిస్సహాయత అనరు, రాజీ అంటారు.

లిండన్ జాన్సన్ విషయానికొస్తే భయం అన్న సాకు అసలు చెల్లదు. 70 ఏళ్లకు హూవర్ తప్పనిసరిగా రిటైరు కావాల్సి ఉండగా, 1964 మేలో ప్రత్యేక ఉత్తర్వుతో ఆ నిబంధన నుంచి మినహాయింపు ఇచ్చింది జాన్సనే. ఆ ఆగస్టులో అట్లాంటిక్ సిటీలో డెమొక్రటిక్ పార్టీ మహాసభ జరిగింది. మిసిసిపీ నుంచి ఫ్యానీ లూ హేమర్ వంటి నల్లజాతి ప్రతినిధులు వచ్చి, తెల్లవాళ్ల జట్టుకి బదులు తమకు స్థానం కావాలని పట్టుబట్టారు. తన పట్టాభిషేకానికి అడ్డొస్తారేమోనని జాన్సన్‌కి గుబులు. ఎఫ్‌బీఐ అధికారి కార్తా డీలోచ్ నాయకత్వంలో ఒక ప్రత్యేక దళం అక్కడ దిగింది. కింగ్ హోటల్ గది ఫోన్‌ను ట్యాప్ చేశారు. విద్యార్థుల సంఘం ఎస్‌ఎన్‌సీసీ వాళ్లు మకాం పెట్టిన చోట రహస్య మైక్రోఫోన్ పెట్టారు. ఎవరు ఎవరితో ఏం మాట్లాడుకుంటున్నారో ఎప్పటికప్పుడు వైట్‌హౌస్‌కి చేరింది. ఇక్కడ జాతీయ భద్రత ఏముంది? కమ్యూనిజం ఏముంది? పార్టీ లోపలి ఓట్ల లెక్క తప్ప ఏమీ లేదు. పోలీసు తెచ్చిన కబుర్లు ప్రభువు ఆసక్తిగా విన్నాడు, అంతే.

ఇంకొక వాదన ఉంది. హూవర్ సంగతి ఎలా ఉన్నా, అనుమానానికి ఆధారమైతే ఉంది కదా అంటారు. లెవిసన్ 1950ల తొలి సంవత్సరాల్లో కమ్యూనిస్టు పార్టీ ఆర్థిక వ్యవహారాలు చూసినవాడే కదా? నిజమే. పార్టీ లోపల ఎఫ్‌బీఐ నాటుకున్న ఇన్‌ఫార్మర్లు చెప్పిన మాటే అది. తర్వాత లెవిసన్ ఆ పనుల నుంచి పక్కకు జరిగాడని చెప్పినవాళ్లు కూడా వాళ్లే. ఆ రెండో మాట సంస్థకి రుచించలేదు. 1963 ఆగస్టు 23న ఎఫ్‌బీఐలోని విలియం సలివాన్ విభాగం ఒక సుదీర్ఘ నివేదిక ఇచ్చింది. నల్లజాతి ఉద్యమంలో కమ్యూనిస్టుల ప్రభావం లెక్కలోకి రానంత స్వల్పమని దాని సారాంశం. హూవర్ దాన్ని ఎగతాళి చేస్తూ తిప్పికొట్టాడు. ఐదు రోజులకి వాషింగ్టన్‌లో మహా ప్రదర్శన జరిగింది. లింకన్ స్మారకం మెట్ల మీద కింగ్ ప్రసంగించాడు. ఆగస్టు 30న అదే సలివాన్ కలం తిప్పాడు. కమ్యూనిజం కోణంలోనూ, జాతీయ భద్రత కోణంలోనూ దేశ భవిష్యత్తుకి అత్యంత ప్రమాదకరుడైన నీగ్రో కింగే అని రాశాడు. వారం రోజుల్లో మారింది వాస్తవం కాదు, పై అధికారి మొహం చూసి కింది అధికారి రాసిన రాత.

దీన్నే పట్టుకుని, అదిగో మళ్లీ హూవరే కదా అనవచ్చు. కానీ ఒక్క మనిషి విసుక్కుంటే ఒక విభాగం మొత్తం తన పరిశోధన తానే మింగేసిందంటే, చూడాల్సింది ఆ విభాగం వైపు. 1975లో సెనేటర్ ఫ్రాంక్ చర్చ్ అధ్యక్షతన విచారణ జరిపిన సెనేట్ కమిటీకి సలివాన్ ఒక సంగతి ఒప్పుకున్నాడు. ఈ పని చట్టబద్ధమేనా, నైతికమేనా అని తాను గానీ, తన ముందు మరొకరు గానీ ఒక్కసారి కూడా అడగలేదని. పని అవుతుందా, కాదా అన్నదే వాళ్ల లెక్క.

కమ్యూనిజం దారం తెగిపోయాక ఏం చేశారో చూస్తే అసలు ఉద్దేశం బయటపడుతుంది. 1964 జనవరిలో వాషింగ్టన్‌లోని విల్లర్డ్ హోటల్‌తో మొదలుపెట్టి కింగ్ బస చేసిన గదుల్లో మైక్రోఫోన్లు దాచారు. మాస్కో కోసం పెట్టిన చెవులకి ఒక మగవాడి వివాహేతర సంబంధాలు వినిపించాయి. జాతీయ భద్రత ఫైలు కాస్తా పడకగది ఫైలైంది. అలాంటి మైక్రోఫోన్లకి హూవర్ ఎవరి అనుమతీ అడగలేదని, 1954 నాటి ఒక పాత ఆదేశాన్ని అడ్డం పెట్టుకున్నాడని చెబుతారు. 1965 నుంచి ఆ వెసులుబాటు కూడా లేదు. అటార్నీ జనరల్ నికొలస్ కాట్జెన్‌బాక్ తన అనుమతి తప్పనిసరి చేశాడు. అయినా ఆ ఏడాది కింగ్ గదుల్లో పెట్టిన మైక్రోఫోన్ల గురించి పని అయిపోయాక పంపిన మూడు మెమోల మీద ఆయన పొడి అక్షరాలున్నాయి. అడిగితే తనకు గుర్తు లేదన్నాడు.

1964 నవంబరు నాటి ఆ పార్శిల్ గురించి చాలామందికి తెలుసు. 18వ తేదీన హూవర్ మహిళా విలేకరుల్ని పిలిచి, దేశంలో పేరుమోసిన అబద్ధాలకోరు కింగ్ అన్నాడు. మూడు రోజుల తర్వాత మయామీ నుంచి కింగ్ పేరిట ఒక పెట్టె పోస్టయింది. అందులో ఒక టేపు చుట్ట, టైపు చేసిన ఒక ఆకాశరామన్న ఉత్తరం. నల్లజాతివాడే రాస్తున్నట్టు నటిస్తూ, బూతులు తిడుతూ, ముప్పై నాలుగు రోజులే గడువుంది, నువ్వు చేయాల్సింది ఒకటే అని బెదిరించింది ఆ ఉత్తరం. ఆత్మహత్య చేసుకోమని అర్థమని కింగ్ గ్రహించాడు. నెలన్నర తర్వాత ఆ పెట్టె విప్పింది ఆయన భార్య కొరెట్టా. భర్త ఉపన్యాసాల టేపులు వస్తూ ఉంటాయి కాబట్టి ఇదీ అలాంటిదే అనుకుంది.

ఈ పార్శిల్‌నే హూవర్ నీచత్వానికి నిలువెత్తు సాక్ష్యంగా చూపుతుంటారు. ఆ పార్శిల్ ఎన్ని చేతులు మారిందో కాస్త నిదానంగా చూడాలి. ప్రయోగశాలలో ఎవరో కూర్చుని వేర్వేరు హోటళ్ల రికార్డింగుల్లోంచి ముక్కలు ఏరి ఒక్క టేపుగా అతికారు. ఎవరో ఉత్తరం కూర్చారు. ఎవరో టైపు కొట్టారు. వాషింగ్టన్ నుంచి వచ్చిందని తెలియకుండా ఉండేందుకు సలివాన్ ఒక ఏజెంటును విమానం ఎక్కించి మయామీ పంపాడు. ఆయన పోస్టాఫీసుకి వెళ్లి ఇచ్చి వచ్చాడు. వీళ్లంతా జీతాలు తీసుకునే ప్రభుత్వోద్యోగులు. టీఏ బిల్లులు పెట్టే మనుషులు. ఒక్కడికీ చెయ్యి వణకలేదు. ఆ ఉత్తరం పూర్తి ప్రతిని చరిత్రకారిణి బెవర్లీ గేజ్ హూవర్ ఫైళ్లలో కనిపెట్టి 2014లో బయటపెట్టేదాకా జనానికి దొరికింది నల్లమసి పూసిన ప్రతే.

పత్రికల మాటేమిటి? కింగ్ టేపుల గురించి ఎఫ్‌బీఐ మనుషులు వాషింగ్టన్, అట్లాంటా విలేకరుల చెవుల్లో ఊదారు. ఒక్క పత్రికా అచ్చు వేయలేదని, అది ఆనాటి జర్నలిజం మర్యాద అని ఇప్పటికీ మెచ్చుకుంటారు. అదొక్కటే చెబితే సగం చెప్పినట్టు. ఒక పౌరుడి గదిలో ప్రభుత్వం మైక్రోఫోన్లు పెట్టి, ఆ సరుకును బజారులో అమ్మజూపుతోంది అన్నది మహా వార్త. అది కూడా ఎవరూ అచ్చు వేయలేదు. ‘న్యూస్‌వీక్’లో ఉన్న బెన్ బ్రాడ్లీ కనీసం కాట్జెన్‌బాక్‌తో అన్నాడు. కాట్జెన్‌బాక్, పౌరహక్కుల విభాగం అధిపతి బర్క్ మార్షల్ టెక్సాస్‌లో జాన్సన్ పొలానికి వెళ్లి ఫిర్యాదు చేశారు. ఫలితం? వైట్‌హౌస్ నుంచి ఎఫ్‌బీఐకి వెళ్లిన మాట, డీలోచ్ మెమో ప్రకారం, ఆ బ్రాడ్లీ నమ్మదగినవాడు కాదు, జాగ్రత్త అని.

మతసంస్థలు, విద్యాసంస్థలు సైతం దూరంగా లేవు. మార్క్వెట్ విశ్వవిద్యాలయం కింగ్‌కి గౌరవ డాక్టరేట్ ఇవ్వకుండా ఎఫ్‌బీఐ అడ్డుపడింది. పోప్ ఆరవ పాల్ ఆయనను కలవకుండా చూడమని న్యూయార్క్ కార్డినల్ స్పెల్మన్‌ను కదిపింది. పోప్ వినలేదు, 1964 సెప్టెంబరులో కింగ్‌ని కలిశాడు. అంటే కాదనడం సాధ్యమే. కాదన్నవాళ్లకి ఏమీ కాలేదు కూడా. మరి అనలేనివాళ్లందరినీ హూవర్ భయం ఖాతాలో ఎలా వేస్తారు?

ఇక మామూలు జనం. ‘అబద్ధాలకోరు’ గొడవ తర్వాత జరిగిన ఒక అభిప్రాయ సేకరణలో హూవర్ పక్షం వహించినవారు 50 శాతం, కింగ్ పక్షం 16 శాతం. 1966లో గాలప్ సర్వేలో 63 శాతం మంది అమెరికన్లకు కింగ్ అంటే గిట్టదు. ఏటా జనవరిలో ఆయన జయంతికి సెలవు తీసుకునే దేశం ఆ అంకెలు తలచుకోదు. పొలార్డ్ ఈ సినిమాలో చేసిన మంచి పనుల్లో ఒకటి, మధ్యమధ్యలో పాత హాలీవుడ్ చిత్రాల ముక్కలు చూపడం. టోపీ పెట్టుకున్న ఎఫ్‌బీఐ ఏజెంటు అందులో ఎప్పుడూ మంచివాడే. జేమ్స్ స్టూవర్ట్ నటించిన 1959 నాటి ‘ది ఎఫ్‌బీఐ స్టోరీ’ సంస్థ ఆశీస్సులతోనే తీశారు. ఆ సినిమాలకి టిక్కెట్లు కొన్నవాళ్లు హూవర్‌కి భయపడి కొనలేదు. ఎఫ్‌బీఐ దారితప్పిన ఒంటరి సంస్థ కాదని, నాటి రాజకీయ ప్రధాన స్రవంతిలో భాగమేనని చిత్రంలోనే వినిపిస్తుంది. ప్రేక్షకులు ఆ మాట దాటేసి విలన్‌ను మాత్రం ఇంటికి తెచ్చుకున్నారు.

నిఘా తెల్లవాళ్ల చేతుల్లోనే సాగిందనుకోవడం కూడా పొరపాటే. మెంఫిస్ పారిశుధ్య కార్మికుల సమ్మెను, కింగ్ ఆఖరి రోజులను తన కెమెరాలో బంధించిన నల్లజాతి ఫొటోగ్రాఫర్ ఎర్నెస్ట్ విథర్స్ ఎఫ్‌బీఐ ఇన్‌ఫార్మరని 2010లో బయటపడింది. ఎస్‌సీఎల్‌సీలో లెక్కలు చూసే జిమ్ హ్యారిసన్ కూడా డబ్బు తీసుకుని కబుర్లు చేరవేసినవాడే. వ్యవస్థ అంటే ఇదే. అది బాధితుడి పక్క కుర్చీలో కూడా మనిషిని కూర్చోబెట్టగలదు.

డాక్యుమెంటరీ మీద ఎక్కువ రచ్చ రేపింది చివరి భాగం. చరిత్రకారుడు డేవిడ్ గారో 1981లో రాసిన పుస్తకం ఈ చిత్రానికి మూలం. ఆయనే 2019లో ఒక బ్రిటిష్ పత్రికలో, కొత్తగా బయటపెట్టిన ఎఫ్‌బీఐ పత్రాల ఆధారంగా, ఒక మహిళపై అత్యాచారం జరుగుతుంటే కింగ్ చూస్తూ ఊరుకున్నాడని రాశాడు. దానికి ఆధారం టైపు చేసిన కాగితం అంచున చేత్తో రాసిన ఒక వాక్యం. ఎవరు రాశారో, ఎప్పుడు రాశారో ఆ కాగితంలో లేదు. టేపులు 1977లో ఒక ఫెడరల్ జడ్జి ఉత్తర్వుతో సీలయ్యాయి. గడువు 2027 జనవరి ఆఖరు వరకు. అప్పుడు నిజం తేలుతుందని ఎదురుచూసేవాళ్లు చాలామంది.

ఆ మహిళకి అన్యాయం జరిగి ఉంటే అది చిన్న విషయం కాదు. కింగ్ గొప్పతనం దాన్ని మాఫీ చేయదు. కానీ ఆ రాత నిజమే అనుకుంటే, పక్క గదిలో చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్న చట్టరక్షకులు నేరం జరుగుతున్నంతసేపూ వింటూ ఊరుకున్నారు. తలుపు తట్టలేదు, ఎవరినీ పట్టుకోలేదు. అబద్ధమే అనుకుంటే, ఒక మనిషిని చంపడానికి సైతం వెనుదీయని ఉత్తరం రాసిన చేతులే ఆ వాక్యమూ రాశాయి. రెండు దారుల్లో ఏది పట్టుకున్నా ముందు జవాబు చెప్పాల్సింది సంస్థే. చిత్రం ఇక్కడ తడబడింది. నిఘాను నేరంగా చూపించిన గంటన్నర తర్వాత, ఆ నేరం వల్ల పుట్టిన సరుకులో ఏముందోనన్న ఉత్కంఠను ప్రేక్షకుడి చేతిలో పెట్టి పంపింది. 2025 జులైలో ట్రంప్ ప్రభుత్వం కింగ్ హత్యకు సంబంధించి 2 లక్షల 30 వేలకు పైగా పేజీలు విడుదల చేసినప్పుడు ఆయన పిల్లలు అభ్యంతరం చెప్పింది ఇందుకే. తండ్రిని బజారుకీడ్చడానికి తయారుచేసిన కాగితాలు అదే పనికి మళ్లీ ఉపయోగపడతాయని.

హూవర్ పోయాడు కాబట్టి పీడ పోయిందనేవాళ్లు రెండు సంగతులు చూడాలి. 1978లో విదేశీ గూఢచర్య నిఘా చట్టం వచ్చింది, ప్రత్యేక కోర్టు వచ్చింది. అదే కోర్టు 2022లో ఇచ్చి, 2023లో బయటికొచ్చిన ఉత్తర్వు ప్రకారం, విదేశీయుల కోసం సేకరించిన సమాచార భాండాగారంలో ఎఫ్‌బీఐ 2 లక్షల 78 వేలకు పైగా అక్రమ శోధనలు చేసింది. నల్లజాతీయుడు జార్జ్ ఫ్లాయిడ్‌ను పోలీసు చంపాక చెలరేగిన నిరసనల్లో అరెస్టయిన 133 మంది కోసం వెతికినవి అందులో ఉన్నాయి. 2017 ఆగస్టులో ‘నల్లజాతి అస్తిత్వ తీవ్రవాదులు’ అనే కొత్త ముప్పును కనిపెట్టింది కూడా ఆ సంస్థే. అప్పటికి హూవర్ చచ్చి 45 ఏళ్లు.

తెలుగు పాఠకుడికి ఇది పరాయి గొడవగా తోచనక్కర్లేదు. 1996లో పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ వేసిన కేసులో సుప్రీంకోర్టు ఫోన్ ట్యాపింగ్ గోప్యతకు భంగమని చెప్పి కొన్ని కట్టుబాట్లు పెట్టింది గానీ, అనుమతిచ్చే అధికారం హోం కార్యదర్శుల దగ్గరే ఉంచింది. 2023 టెలికాం చట్టం వచ్చినా జడ్జి అనుమతి అక్కర్లేదు. హోం కార్యదర్శుల ఉత్తర్వులను సమీక్షించే కమిటీలోనూ ప్రభుత్వ కార్యదర్శులే. అంటే రాబర్ట్ కెనెడీ ఒంటి సంతకం పద్ధతే ఇక్కడ నేటికీ నడుస్తోంది. 2024 మార్చిలో హైదరాబాద్‌లో ఫోన్ ట్యాపింగ్ కేసు నమోదై, నిఘా విభాగం పోలీసు అధికారులు అరెస్టయినప్పుడు, హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారన్న ఆరోపణ వచ్చినప్పుడు, టీవీ చర్చల్లో వినిపించిన మొదటి సర్దుబాటు మాట కూడా పాతదే: కొందరు అధికారులు అతిగా పోయారు. నేరం ఎవరిదో కోర్టు తేలుస్తుంది. కానీ కొందరి అత్యుత్సాహం అనే మాట దగ్గర చర్చ ఆగిపోతే ఏం జరుగుతుందో చెప్పడానికి అమెరికా అనుభవం చాలు.

చర్చ్ కమిటీ విచారణలు సాగుతున్న 1975లోనే, సెప్టెంబరు 30న, అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ వాషింగ్టన్‌లో ఎఫ్‌బీఐ కొత్త ప్రధాన కార్యాలయాన్ని ప్రారంభించాడు. దానికి పెట్టిన పేరు జె. ఎడ్గార్ హూవర్ భవనం. కింగ్‌పై సాగిన దారుణం నిజంగా ఒక్క హూవర్ చేసిన పాపమే అయితే, గోడ మీది ఆ పేరు చెరిపేయడం అన్నిటికన్నా తేలికైన ప్రాయశ్చిత్తం. అందుకోసం కాంగ్రెస్‌లో బిల్లులు వచ్చాయి. ఒక్కటీ చట్టం కాలేదు.